429 కోట్ల పెద్దమనిషికి ఓ లేఖ

429 కోట్ల 49 లక్షల 67 వేల 297 గారికి,

గారు అనేది ఈ ఒక్క లైన్ వరకే, ఇకపై ఆశించకు.

ఏమయ్యా, 32 రెండ్లని ఒకదానితో ఒకటి గుణించి ఒకటి కలిపితే నువ్వు. చూడ్డానికి ఎంత బుద్ధిమంతుడివో, సరిసంఖ్యవి కాదు, అంకెలన్నీ కూడితే 59 కాబట్టి 3తో పోవు, చివర్లో 7 కాబట్టి 5 నీ జోలికి రాదు. పైగా ఇలాగే 1, 2, 4, 8, 16 రెండ్లని గుణించి ఒకటి కలిపితే వచ్చే నీ అన్నలు 3, 5, 17, 257, 65537 అయిదుగురూ సిసలైన ప్రైమ్‌లు (ప్రధాన సంఖ్యలు). ఆ ఇంటిపేరు చూసే కదా 1640లో పాపం ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా మీ వంశం మొత్తం ప్రైమే అని నమ్మేశాడు (నిరూపణ లేదని ఆయనే ఒప్పుకున్నాడులే). నువ్వేమో కిక్కురుమనకుండా కూర్చున్నావ్.

1732లో గణితవేత్త ఆయిలర్ చేతికి చిక్కావ్. నీకు కారణాంకం అంటూ ఉంటే అది 64 గుణిజానికి ఒకటి కలిపినట్టే ఉండాలి, అంటే చూడాల్సిన ప్రైమ్‌లు 193, 257, 449, 577, ఆ తర్వాత 641, అంతే, దొరికిపోయావ్! 641 ఇంటూ 6700417. ఇంత భారీ పర్సనాలిటీకి అయిదో గుద్దుకే పళ్ళు రాలాయి. ఆ 641 కూడా మామూలోడు కాదు, 5×128+1 వాడే, 625+16 కూడా వాడే, ఈ రెండూ పక్కపక్కన పెడితే భాగహారం చెయ్యకుండానే నీ గుట్టు రట్టు.

నాకు మండేది ఇంకోటుంది. ఫెర్మాదే ఒక టెస్ట్, 2ని నీకంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి నీతో భాగించాలి, నువ్వు ప్రైమైతే శేషం 1 రావాలి. నీకూ 1 వస్తుంది! పేపరు పెట్టినాయన కళ్ళముందే కాపీ కొట్టి పాసయ్యావు కదరా ఫోర్‌ట్వంటీ. 2 తీసేసి 3 పెడితే మాత్రం నోరు పెగలదు. 32 బిట్ల కంప్యూటర్ గడిలో కుక్కితే నీలో మిగిలేది కూడా ఉత్త 1, అదీ నీ కోట్ల బతుకు.

సున్నా నుంచి లెక్కేస్తే మీ ఇంట్లో నువ్వు 5వ వాడివి, నీ వెనక 32వ వాడి దాకా అందరూ ప్రైమ్ కాని సంయుక్తాలే. 20వ వాడూ 24వ వాడూ మరీ ఘనులు, దొంగలని తేలింది గానీ సొత్తు దొరకలా, ఒక్క కారణాంకం కూడా తెలీదు. ఇక 33వ వాడు 258 కోట్లకు పైగా అంకెలేసుకుని ప్రైమో కాదో ఎవరికీ చెప్పకుండా తిరుగుతున్నాడు. మీ వాలకం తెలిసినవాణ్ణి కాబట్టి నాకైతే నమ్మకం లేదు, వాడి జేబులో కూడా 641 లాంటోడు ఎవడైనా ఉన్నాడేమో కాస్త కనుక్కుని చెప్పు, మళ్ళీ వందేళ్ళు నాన్చకుండా.

ఇట్లు,
నిన్ను భాగించి చూసినవాడు