‘ముందు సంపాదిద్దాం, తర్వాత కడుక్కుందాం’ లెక్కలో ఉప్పెంత?

నెల రోజులుగా మా వైపు ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే మూడుసార్లు వచ్చింది. అందులో ఒకటి మా చిన్నాన్న కొడుకు పంపిందే. సారాంశం ఇది:

“హరిత ఆర్థికం, సుస్థిరాభివృద్ధి అనేవి తెల్లోళ్ళ ఎత్తుగడ. వాళ్ళు పొగ వదిలి బాగుపడి, ఇప్పుడు మనకు నీతులు చెబుతున్నారు. ముందు సంపాదించాలి. డబ్బొస్తే గాలీ నీళ్ళూ వాటంతటవే బాగుపడతాయని ఆర్థికవేత్తలు గ్రాఫ్ గీసి నిరూపించారు. పేదరికమే పెద్ద కాలుష్యమని ఇందిరాగాంధీ కూడా అంది. పర్యావరణం పేరుతో కోర్టుకెళ్ళినవాళ్ళు నెల్లూరు రొయ్యను చంపేశారు. లేకుంటే మనం ఎక్కడో ఉండేవాళ్ళం.”

మొత్తం అబద్ధమైతే పట్టించుకునేవాణ్ణి కాదు. సగం నిజం కలిపి వండారు కాబట్టే రాయాల్సి వస్తోంది. వెనక నుంచి మొదలుపెడతా, రొయ్య నాకు బాగా తెలిసిన విషయం గనక.

“కోర్టు రొయ్యను చంపింది.” తేదీలు చూస్తే చాలు. నెల్లూరును దేశానికి రొయ్యల రాజధాని అన్నది 90ల మొదట్లో. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, ఎటు పోయినా టైగర్ రొయ్య గుంటలే. తెల్లమచ్చ తెగులు వచ్చి పడింది 1994లో. తీరంలో రొయ్యల గుంటల మీద నడిచిన జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1996 డిసెంబర్ 11న. రెండేళ్ళ ముందే చచ్చిన రొయ్యను కోర్టు మళ్ళీ ఎట్లా చంపుతుంది?

అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నా. మా మామకు రెండెకరాల గుంట. తెల్లారుజామున చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) పైకెత్తితే రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్యలు గట్టు వారకు చేరి నీళ్ళ పైపైన తిరుగుతున్నాయి. మామ ఒకదాన్ని పట్టి, తలమీది పెంకు ఊడదీసి ఎండకు పెట్టి చూపించాడు. సున్నం చిలకరించినట్టు చుక్కలు. నాలుగో రోజుకు గుంటలో ఏమీ మిగల్లేదు. మామ తూము తీసి ఆ నీళ్ళన్నీ కాలవలోకి వదిలేశాడు. కింది గుంటవాళ్ళు అదే కాలవలో మోటారు పెట్టి తోడుకున్నారు. మామ పైగుంటవాళ్ళు మామకు చేసింది కూడా అదే. తెగులు తెచ్చింది వైరస్సే, కాదనను. ఊరూరా తిప్పింది మాత్రం సందు లేకుండా తవ్విన గుంటలు, అందరికీ ఒకటే కాలవ, అడిగే నాథుడు లేకపోవడం.

పోనీ, తీర్పు వచ్చాకైనా పరిశ్రమ మూతపడిందా? తీర నియంత్రణ మండలిలోని, అంటే సముద్రపు ఒడ్డున ఆంక్షలున్న మేరలోని గుంటలు తీసెయ్యమని కోర్టు చెప్పిన మాట నిజం. ఉద్యోగం పోయేవాళ్ళకు ఆరేళ్ళ జీతం అదనంగా ఇవ్వమనీ చెప్పింది, ఆ ముక్క మాత్రం ఏ మెసేజ్‌లోనూ కనపడదు. తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్టర్ చేయించుకుని సాగు చేసుకోమంది. 2009లో టైగర్ బదులు వనామి అనే ఇంకో రకం రొయ్యకు అనుమతి వచ్చింది. ఊరికే రాలేదు, అప్పటి షరతులు ఇవి. తల్లి రొయ్యలు తెగుళ్ళు లేనివే దిగుమతి కావాలి, చెన్నైలో క్వారంటైన్ దాటాలి, చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వెయ్యకూడదు, వాడిన నీళ్ళను శుద్ధి చేసే వదలాలి. పడిపోయిన రొయ్య మళ్ళీ లేచింది ఈ షరతుల మీదే. (వాటిని మా వైపు ఎంతమంది పాటిస్తున్నారని అడగొద్దు, అది వేరే రామాయణం.) షరతులు గాలికొదిలితే ఏమవుతుందో 2016లో చూశాం. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో యూరప్ మన సరుకు తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది.

“ముందు సంపాదించాలి.” సంపాదించాం, ఎవరూ కాదనరు. డాబాలు లేచాయి, పిల్లలు ఇంజనీరింగ్ చదివారు. గుంటలు లేని ఇళ్ళ సంగతేమిటి? మా అమ్మమ్మ ఊళ్ళో మంచినీళ్ళ బావి ఉండేది. గుంటల ఉప్పునీళ్ళు భూమిలోకి ఇంకి అది ఉప్పయింది, ఇప్పుడు ఆ నీళ్ళతో టీ పెడితే పాలు విరుగుతాయి. పొద్దున ఏడింటికి క్యాన్ల ఆటో హారన్ కొడుతుంది, కూలికి పోయే ఇల్లైనా రోజుకో ఇరవై లీటర్ల క్యాన్ దించుకోవాల్సిందే. మామ గుంట వదిలేసి మళ్ళీ వరి పెట్టాడు. ఒకప్పుడు మొలగొలుకుల వడ్లు పండిన చేను. రెండేళ్ళు వాన నీళ్ళు నిలబెట్టి కడిగినా నాట్లు పసుపెక్కి మాడిపోయాయి, ఎండాకాలం మడి మీద తెల్లటి పొర తేలింది.

ఇక్కడే లెక్కల చిత్రం చూడండి. రొయ్య అమ్మితే జీడీపీ పెరుగుతుంది. బావి ఉప్పయితే జీడీపీలో రూపాయి తగ్గదు. పైగా క్యాన్ కొన్నందుకు ఇంకాస్త పెరుగుతుంది! ఆ కేసులోనే కోర్టు కోసం నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ రెండు వైపులా లెక్కగట్టింది. ఆంధ్ర తీరంలో రొయ్యల సాగు తెచ్చిన రాబడి కంటే పర్యావరణానికీ జనానికీ జరిగిన నష్టం దాదాపు 4 రెట్లని తేల్చింది. హరిత ఆర్థికం అంటే ఈ రెండో కాలమ్ కూడా పుస్తకంలో రాయమనడమే. అడిగింది తెల్లోళ్ళు కూడా కాదు. దేశానికి హరిత ఖాతాలు ఎట్లా రాయాలో మన ప్రభుత్వమే ఆర్థికవేత్త పార్థా దాస్‌గుప్తా అధ్యక్షతన కమిటీ వేసి, 2013లో నివేదిక తెప్పించుకుంది.

“ఆర్థికవేత్తలు గ్రాఫ్ గీసి నిరూపించారు.” ఆ గ్రాఫ్ ఉంది. బోర్లించిన గిన్నెలా ఉంటుంది. ఆదాయం పెరిగేకొద్దీ కాలుష్యం మొదట పెరిగి, తర్వాత తగ్గుతుందని చూపిస్తుంది. దానికి కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త పేరు తగిలించారు గానీ, ఆయన 1955లో రాసింది అసమానతల గురించి. కాలుష్యం మీద ఈ పని చేసింది గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు, 90ల్లో. వాళ్ళు చూసింది నగరాల గాలి, నదుల్లో ఆక్సిజన్, మలమూత్రాల కాలుష్యం, భారలోహాలు. భూగర్భ జలంలో ఉప్పు వాళ్ళ జాబితాలోనే లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ తగ్గుదల దానంతటదే జరుగుతుందనుకోవడానికి కారణమేమీ లేదని 1995 వ్యాసంలో వాళ్ళే రాశారు. మెసేజ్ రాసినాయన గ్రాఫ్ చూసి ఆగిపోయినట్టున్నాడు, కింది పేరా దాకా రాలేదు.

“వాళ్ళు పొగ వదిలి బాగుపడ్డారు.” ఇందులో నిజం ఉంది. వాతావరణం పాడు చేయడంలో పెద్ద వాటా వాళ్ళదే, బాధ్యత అందరిదే అయినా అందరిదీ సమానం కాదని 1992 రియో ప్రకటనే ఒప్పుకుంది. ఆ బాకీ అడగాల్సిందే. మన బోరులోకి ఉప్పు ఎక్కించింది మాత్రం లండన్ పొగ కాదు. ఆ లండన్ కూడా డబ్బొచ్చి బాగుపడలేదు. 1952 పొగమంచులో వేలమంది పోయాక, 1956లో చట్టం తెచ్చి బొగ్గు పొగను అదుపు చేస్తే బాగుపడింది. ఇక తర్వాత కడగడానికి ఎంతవుతుందో జపాన్‌ని అడగాలి. మినమాటాలో ఫ్యాక్టరీ పాదరసం సముద్రంలో కలిపితే, ఆ చేపలు తిన్న జాలర్ల చేతులు వంకర్లు పోయాయి. జబ్బు బయటపడింది 1956లో, ఫ్యాక్టరీ పాదరసం వదలడం ఆపింది 1968లో. అఖాతం అడుగు బురద తోడి పూడ్చే పని 1990 దాకా సాగింది, ఖర్చు సుమారు 4,850 కోట్ల యెన్‌లు. వంకరపోయిన చేతులు ఆ ఖర్చుతో తిరిగి రాలేదు.

ఇందిరాగాంధీ మాటకు ఎక్కువ చోటు అక్కర్లేదు. 1972లో స్టాక్‌హోమ్ సభలో ఆమె పేదరికం, లేమి అతి పెద్ద కాలుష్య కారకాలు కావా అని అడిగింది. పేదల బతుకు బాగుచేయకుండా పర్యావరణాన్ని బాగుచేయలేమన్నది ఆమె వాదన, ముందు పాడు చేయండి అని కాదు. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం ఆమె ప్రభుత్వమే తెచ్చింది.

మెసేజ్ చివర్లో “రొయ్యను తిట్టేవాళ్ళు రొయ్య తినడం మానాలి” అని కూడా ఉంది. నేను తింటా. మా తమ్ముడికి, అదే చిన్నాన్న కొడుక్కి, ఇప్పటికీ నాలుగెకరాల వనామి గుంట ఉంది, పండక్కి అక్కడి రొయ్యే మా ఇంటికొస్తుంది. ఈ మెసేజ్ పంపింది వాడేనని చెప్పాగా. పోయిన నెల వాడి పక్కన ఉండగానే పైగుంటాయన ఫోన్ చేశాడు, తెగులు తగిలింది, నీళ్ళు తీసేస్తున్నా అని. మా వాడు సగం అన్నం దగ్గర నుంచి లేచిపోయాడు. “అన్నా, నీకు దండం పెడతా, ఇప్పుడు తూము తియ్యొద్దు. బ్లీచింగ్ కొట్టి వారం ఆపి వదులు. కావాలంటే ఆ బ్లీచింగ్ డబ్బులు నేనిస్తా!”