బీరువా తలుపు మీది టైమ్‌టేబుల్ గారికి

మహారాజశ్రీ టైమ్‌టేబుల్ గారి సముఖానికి,

అంబాజీపేట దగ్గర ఓ పల్లె నుంచి తమ విధేయుడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను కులాసా. తమరూ కులాసాగానే ఉండి ఉంటారు. బీరువా తలుపు మీద నాలుగు మూలలా టేపుతో, చెమట పట్టకుండా, దోమ కుట్టకుండా ఉన్నవారికి కులాసా కాక ఇంకేముంటుంది!

తమ పుట్టుక తమకి గుర్తుండకపోవచ్చు. భోగి నాటి రాత్రి, అరిసెలు ఎక్కువై ఆయాసపడుతూ, మా అమ్మాయి స్కెచ్ పెన్నులు అడిగి తెచ్చుకుని తమని రాశాను. 4.30కి లేవడం. 4.45కి ధ్యానం. 5.05కి డైరీ. 5.25కి ప్రాణాయామం. 5.45కి పరుగు. 6.30కి చన్నీళ్ళ స్నానం. 6.45కి ఇరవై పేజీలు చదవడం. రూళ్ళకర్రతో గీతలు కొట్టి, చన్నీళ్ళ గడికి నీలం రంగు కూడా వేశాను. అమలాపురం వెళ్ళి లామినేషన్ చేయిస్తానంటే మా ఆవిడ "ఓ వారం చూసి చేయిద్దురు గాని" అంది. ఇరవై మూడేళ్ళ కాపురం కదండీ, అనుభవం.

తమ పాలన వెంటనే మొదలవలేదు. మర్నాడు పెద్ద పండగ, ఇంటినిండా చుట్టాలు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు వెదురు ప్రభల మీద, జనం భుజాలెక్కి, చేలకి అడ్డంపడి వస్తుంటే నేను ఇంట్లో డైరీ రాసుకోవడం మర్యాద కాదు. ముక్కనుమ నాడు ముక్క. ఆ మర్నాటికి గాని ముహూర్తం కుదరలేదు.

మొదటి రోజు 4.30కి లేచి అరుగు మీద పద్మాసనం వేశాను. తమరు కాగితం కాబట్టి తెలియదు గానీ, కోనసీమలో తెల్లవారుజామున అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చోవడమంటే దోమలకి విస్తరి వేసి పిలవడమే. అంతరాత్మ మాట దేవుడెరుగు, ఎడమ మోచేతి మీద ఎన్ని వాలాయో లెక్క మాత్రం కచ్చితంగా తెలిసింది. 5.05కి డైరీ తెరిచాను. అందులో రాసింది అక్షరాలా ఇది: "ఈ రోజు లేచాను. నిద్ర వస్తోంది."

ఆపైన పరుగు. కాలవగట్టు మీద చీకట్లో యాభై ఏళ్ళ మనిషి పరిగెడితే మా ఊళ్ళో దానికి ఒకటే అర్థం. మొదటి మలుపు దగ్గర పాకలోంచి ఒకాయన "ఎవరికండీ బాగోలేదు?" అని కేకేశాడు. చెయ్యూపి ముందుకెళ్ళాను. ఆ ఊపడాన్ని ఆయన ఎలా అర్థం చేసుకున్నాడో గానీ, నేను తిరిగి ఇంటికొచ్చేసరికి వాకిట్లో నలుగురున్నారు. మా అమ్మ వాళ్ళకి తను బాగానే ఉన్నానని నచ్చజెబుతోంది.

తమ మీద నాకు అసలు అనుమానం మొదలైంది మాత్రం మూడో రోజు. రొయ్యల చెరువు నుంచి మోటార్ సైకిల్ మీద వస్తున్న కుర్రాడొకడు నన్ను చూసి ఆపాడు. మూడింటికి లేచాడట. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారు చేయడం మానేసి, రొయ్యలతో పాటు అదీ పీల్చుకుంటుంది. అందుకని తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళప్పుడు నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ ఆగితే లక్షల రూపాయలు వెల్లకిలా తేలతాయి. "అందుకని మేం లెగుత్తామండి. పొద్దెక్కాక తినేసి పడుకుంటాం. మీకు చెరువుల్లేవు కదా బాబాయ్ గారూ, మీకేం వచ్చిందండీ?" అన్నాడు. ఎగతాళి కాదండి, నిజంగానే అడిగాడు. తమని రాసేటప్పుడు ఆ ప్రశ్న నాకు తట్టలేదు. తమరూ గుర్తు చేయలేదు.

చన్నీళ్ళ విషయంలో నేనే తమని మోసం చేశాను, ఒప్పుకుంటున్నాను. చలికాలం పొద్దున్నే మా బోరింగు నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి. నీలం రంగు గడిలో టిక్కు పెట్టిన ఆరు రోజులూ స్నానం వాటితోనే.

ఇంకోటి. తమరు ఎప్పుడు లేవాలో చెప్పారు గానీ ఎప్పుడు పడుకోవాలో ఎక్కడా చెప్పలేదు. పెద్దవాళ్ళకి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. ఆ లెక్కన 4.30కి లేవాలంటే 9.30కల్లా నిద్ర పట్టాలి. మా ఇంట్లో 9.30కి పెరుగు గిన్నె మీద మూత కూడా పడదు. ఆ తర్వాత దుప్పట్లో ఫోను, అదో గంటన్నర. నాలుగో రోజు ఆఫీసులో రిజిస్టరు మీద తల వాల్చేశాను. ఏడో రోజు 4.30కి ఏం జరిగిందో నాకు తెలియదు.

ఇరవై ఒక్క రోజులు ఓర్చుకుంటే అలవాటైపోతుందని అందరూ అంటుంటే నమ్మాను. మా అమ్మాయి ఫోన్లో వెతికి అసలు సంగతి చదివి వినిపించింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని గమనించి 2010లో అచ్చు వేసిన లెక్క ప్రకారం, ఒక కొత్త పని అలవాటుగా కుదరడానికి సగటు మనిషికి 66 రోజులు. మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 దాకా. అదీ ఒక్క పనికి! తమ ఒంటి మీద ఏడు పనులున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి గాని పూర్తి చేయలేదు కాటన్ దొర. నేను గోదావరి కంటే సులువుగా దారికొస్తానని తమరెలా అనుకున్నారు?

ఇంతా చేసి, మా అమ్మకి టైమ్‌టేబుల్ లేదు. తలుపు గొళ్ళెం తీస్తుంది, చీపురు పట్టుకుంటుంది, కళ్ళాపి చల్లుతుంది, ముగ్గు వేస్తుంది. ఒకటయ్యేసరికి చెయ్యి దానంతటదే రెండోదాని మీదకి పోతుంది. "రోజూ ఎలా గుర్తుంటుందే?" అని అడిగితే "గుర్తుండడానికేముందిరా, వాకిలి కనపడుతుంది కదా" అంది.

అందుకని తమ అనుమతి లేకుండానే ఓ ఏర్పాటు చేసుకున్నాను. ఫోను రాత్రి హాల్లో ఛార్జింగుకి పెట్టేస్తున్నాను. ఆరింటికి పాలబ్బాయి హారన్ కొడతాడు, అదే అలారం. గిన్నె పట్టుకెళ్ళి పాలు పోయించుకుని, పొయ్యి మీద పెట్టి, పొంగేదాకా అక్కడే నిలబడతాను. అదే నా ధ్యానం. మొదటి రోజు మనసు ఎటో పోయింది, పాలు పొయ్యి మీదకి పోయాయి. మా ఆవిడ ఏమందో రాయను. కాఫీ తాగాక కాలవ లాకుల దాకా నడక, పరుగు కాదు. పొద్దుటి వెలుగు కంట్లో పడితే ఒంట్లోని గడియారం సర్దుకుని, రాత్రి వేళకి నిద్ర పడుతుందంటారు. నాకైతే పదిన్నరకి ఆవలింతలొస్తున్నాయి. చేస్తున్నది ఇంతే. ఇందులో ఒక రోజు తప్పినా కొంప మునగదని ఆ లండన్ వాళ్ళే చెప్పారు కాబట్టి, ఆ ఒక్క ముక్కా బాగా గుర్తుపెట్టుకున్నాను.

తమకి ఉద్వాసన చెప్పానని మాత్రం అనుకోవద్దు. మా ఆవిడ తమని తలుపు మీంచి ఊడదీసి, తిరగేసి మళ్ళీ అంటించింది. తమ వెనకవైపు తెల్లగా, నున్నగా ఉందని ఇప్పుడు పాల లెక్క అక్కడ రాస్తోంది. లామినేషన్ చేయించి ఉంటే ఈ కొలువు దక్కేది కాదు.

నిన్నటి తారీకు దగ్గర సున్నా చుట్టి ఉంటుంది, చూసుకోండి. పాలబ్బాయి రాలేదు. నేను ఏడుంబావుకి లేచాను.

చిత్తగించవలెను.