తేదీ ఒక్కటే చెబితే చాలదు

నది మీద మంచు ఎప్పుడు పగులుతుందో న్యూరల్ నెట్‌వర్క్ (పాత రికార్డుల నుంచి నేర్చుకుని అంచనా వేసే కంప్యూటర్ మోడల్) ముందే చెబుతుందని మీ వ్యాసంలో రాశారు. మంచి ప్రయత్నమే. కానీ 2020 ఏప్రిల్ చివర్లో కెనడాలోని ఫోర్ట్ మెక్‌ముర్రే దగ్గర ఏం జరిగిందో చూడండి. అథబాస్కా నదిలో మంచు పలకలు ఒకదాని మీదికొకటి ఎక్కి, దాదాపు 25 కిలోమీటర్ల మేర ఇరుక్కుపోయాయి. నీరు ఎగదన్ని, పక్కనే కలిసే క్లియర్‌వాటర్ నదిలోకి మళ్లి ఊళ్లోకి వచ్చేసింది. సుమారు 13,000 మంది ఇళ్లు వదిలి వెళ్లారు. మంచు మందం, చలి తీవ్రత, నీటిమట్టం ఇస్తే మోడల్ నేర్చుకుంటుంది, నిజమే. అయితే ఇంత పెద్ద మంచు అడ్డుకట్టలు పడిన ఏళ్లు రికార్డుల్లో చాలా తక్కువ. మనకు టెన్షన్ పెట్టేవి సరిగ్గా ఆ ఏళ్లే! అన్ని ఏళ్లకూ కలిపిన సగటు లెక్కతో సరిపెట్టకుండా, ఆ ఏళ్లను మోడల్ శిక్షణలో చూపించకుండా పక్కన పెట్టి, తర్వాత వాటి మీద పరీక్షిస్తే మోడల్ ఏం చెప్పిందో కూడా దయచేసి రాయండి.