బలరాముడూ బిందెలూ

మా పేటలో మూడు రోజులు కుళాయి నీళ్లు రావన్న సంగతి అందరికంటే ముందు తెలిసినవాణ్ని నేనే. ఎవరికీ తెలియకుండా చేసినవాణ్నీ నేనే.

శ్రీకాకుళం నుంచి ఒక పత్రికకు వార్తలు పంపే రోజులవి. పైపులైను మరమ్మతు మీద నాలుగు ముక్కలు రాయమన్నారు. ఎప్పుడు ఆగుతాయి, ఎప్పుడు వస్తాయి, ఏ వీధులకు రావు, అంతే. కానీ నీళ్లంటే నాగావళి, నాగావళి అంటే బలరాముడు. ఆయన నాగలి చాలే ఈ నది అయిందని, లాంగలమంటే నాగలి కనుక దీనికి లాంగుల్య అన్న పేరని చిన్నప్పటి నుంచి వింటున్న కథ. దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు.

'కరువుతో అలమటించే జనం మొర ఆలకించి హలాయుధుడు నేలపై నాగలి మోపగా...' అని ఎత్తుకున్నాను. ఆ వాక్యం ఒడిశా కొండల్లో పుట్టి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసేదాకా ఎక్కడా ఆగలేదు. చుక్క పెట్టేసరికి నాకే ఆయాసం వచ్చింది. రెండో పేరాలో నది ఒడ్డున గుడిలో ఉన్న ఉమారుద్ర కోటేశ్వరుణ్ని దర్శించుకున్నాను. మూడో పేరాలో నదులూ నాగరికతా. ఆఖరి పేరాలో ఆఖరి వాక్యం: 'కాగా, రేపటి నుంచి మూడు రోజులు నీటి సరఫరా ఉండదు.'

పత్రికా భాషలో 'కాగా' అంటే 'అసలు సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది' అని అర్థం.

వార్తను తలకిందుల పిరమిడ్‌లా, అంటే అసలు సంగతి పైన, మిగతావి కింద పెట్టి కట్టమనడం ఊరికే కాదు. పేజీలో చోటు చాలకపోతే డెస్కువారు, అంటే ఆఫీసులో వార్తలు దిద్దేవారు, కింది నుంచి కోస్తారు. ఆ రాత్రి మా పేజీలోకి చీరల దుకాణం ప్రకటన ఒకటి వచ్చి కూర్చుంది. నా ఆఖరి పేరా లేచి దానికి చోటిచ్చింది.

తెల్లారేసరికి పేటంతా ఖాళీ బిందెలు. పక్కింటి పెద్దమ్మ తన బిందె తెచ్చి మా గుమ్మంలో పెట్టింది.

"ఆయన నీకు బాగా తెలిసినట్టున్నాడు బాబూ. ఆ నాగలేదో ఒకసారి మా పెరటివైపు తిప్పమను" అంది.

మా ఆవిడ ఏమీ అనలేదు. కాఫీ ఇవ్వలేదు, అంతే.

డెస్కు నుంచి మాత్రం ఫోను వచ్చింది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా: ఈ ఆరింటికీ మొదట్లోనే జవాబు ఉండాలట. కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను.

అక్టోబరు వచ్చింది. అరసవల్లి సూర్యదేవుడి గుడిలో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే రోజులు. ఈసారి కావలసింది వార్త కాదు, కథనం. చీకటితోనే వచ్చి మునివేళ్ల మీద నిలబడే జనంతోనో, మనవణ్ని భుజానికెత్తుకున్న తాతతోనో మొదలుపెట్టవచ్చు. కానీ గోడ మీద కాగితం నన్నే చూస్తోంది. పైగా ఆలస్యం కాకూడదని ముందు రాత్రే రాసి పెట్టుకున్నాను.

'సూర్యుడు మంగళవారం ఉదయం అరసవల్లిలో తూర్పు దిక్కున ఉదయించి, భక్తుల సమక్షంలో తన కిరణాలతో తన పాదాలనే స్పృశించాడు. భూమి తిరగడమే ఇందుకు కారణమని తెలిసింది.'

ఆరూ ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

తెల్లవారి గుడికి వెళితే ఆకాశమంతా మబ్బు. ఎంతసేపు నిలబడ్డా ఒక్క కిరణం లోపలికి రాలేదు. అంత చక్కగా కుదిరిన మొదటి పేరాను కదపడానికి చేతులు రాలేదు. కిందికి వెళ్లి ఒక్క వాక్యం చేర్చాను: 'కాగా, మబ్బుల కారణంగా కిరణాలు పాదాలను తాకలేదు.'

ఆ రాత్రి చీరల దుకాణం వాళ్లు మళ్లీ ప్రకటన ఇచ్చారు.