సుజానీ బెంచీకి అతికించిన కథ

పెద్ద పెద్ద ఎర్రటి పూల చక్రాలున్న మెత్తటి బెంచీ ఫొటో, దాని కింద నాలుగు ముక్కల కథ కొంతకాలంగా ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. ‘ఇది సుజానీ. మధ్య ఆసియా సంచార జాతులు వేల ఏళ్లుగా కూర్చుంటున్న ఆసనం. ఒక్క స్త్రీయే ఏళ్ల తరబడి చేత్తో కుడుతుంది. దేవుడొక్కడే లోపం లేనివాడు కనుక కావాలని ఒక తప్పు వదిలేస్తుంది. ఆ తప్పుంటేనే అసలుది’ అని. బెంచీ బాగుంది. కథకే కుట్లు ఊడుతున్నాయి.

ముందు ఆసనం సంగతి. నేటి ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారా, సమర్‌ఖండ్, నురాతా, షహ్రిసబ్జ్ ఇళ్లలో జనం కూర్చునేది నేల మీద పరచిన దూది పరుపులపైన. సుజానీ అంటే ఆసనం కాదు, పట్టుదారంతో పూలు కుట్టిన పెద్ద గుడ్డ. అది ఉండేది గోడ మీద, పెళ్లి పడక మీద, మడిచి పేర్చిన పరుపుల దొంతర మీద. అది పెళ్లికూతురు తెచ్చుకునే సారె. నమాజుకు పరిచే చిన్న రకం ఒకటుంది. బెంచీకి తొడగడం మాత్రం అలంకరణ వ్యాపారం నేర్పిన కొత్త వాడుక.

సుజానీలు సంచార జాతులవీ కావు, ఒయాసిస్ పట్టణాల్లో స్థిరపడిన కుటుంబాలవి. సంచార జీవనం నుంచి వచ్చిన లకాయ్ తెగవారి కుట్టుపని వేరు, దాని తీరే వేరు. ఇక వేల ఏళ్ల మాట: 1404లో తైమూర్ కొలువుకు వెళ్లిన స్పెయిన్ రాయబారి క్లావిహో అక్కడి కుట్టుపని తెరల గురించి రాశాడు, నిజమే. కానీ నేడు మిగిలిన సుజానీలు దాదాపు అన్నీ 18వ శతాబ్దం చివరి నుంచి ఇటువైపువే.

ఒక్క స్త్రీ కుట్టిందన్న మాట దగ్గరే నాకు కోపం వస్తుంది. అసలు పద్ధతి ఇంకా అందమైనది మరి. మగ్గం మీద వచ్చే గుడ్డ సన్నని పట్టీ. కొన్ని పట్టీలను పక్కపక్కన వదులుగా టాకాలు వేసి కలిపితే, కలంకశ్ అనే అనుభవమున్న స్త్రీ వాటిపై బొమ్మ గీస్తుంది. మన కలంకారీలోని కలమే ఈ పేరులోనూ ఉంది. తర్వాత టాకాలు విప్పి, పట్టీలను ఇంటి ఆడవాళ్లు పంచుకుని పట్టుదారంతో కుడతారు. చివరికి మళ్లీ కలిపితే ఒక పువ్వులో సగం రెండో సగానికి అందదు. మంజిష్ఠ ఎరుపు ఒక పట్టీలో చిక్కగా, పక్కదానిలో పలచగా ఉంటుంది.

‘కావాలని వదిలిన తప్పు’గా చూపించేది చాలాసార్లు ఇదే. ఇది భక్తి కాదు, పని పంచుకున్న గుర్తు. కుట్టకుండా వదిలిన ఆకు కూడా ఒక్కోసారి కనిపిస్తుంది, దిష్టి తగలకుండా అని చెప్పుకుంటారు. అయినా అసలుదనానికి అది రుజువెలా అవుతుంది? ఒక ఆకు వదిలేయడం యంత్రానికి తెలియని విద్యా?

సుజాన్ అంటే పారశీకంలో సూది. మార్కెట్లో బెంచీలకు వేసే గుడ్డ మాత్రం ఎక్కువగా అచ్చు వేసినదో, యంత్రం కుట్టినదో. అందులో తప్పేమీ లేదు. బుఖారా పనిలో దారాన్ని పొడవుగా పరచి, చిన్న చిన్న కుట్లతో అణచిపెడతారు. రోజూ కూర్చుంటే ఆ పట్టు పోగులు రేగిపోతాయి. పాత సుజానీని కత్తిరించి దిండ్లకు, బెంచీలకు తొడగడం కన్నా అచ్చుగుడ్డ వెయ్యి రెట్లు మేలు. మీ ముందున్నది ఏ రకమో తెలియాలంటే, రెండు పూలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయా చూడండి, గోటితో తడిమితే దారం తగులుతుందా చూడండి. అమ్మేవాళ్లు చేతికుట్టు ధర అడిగితే మాత్రం, బెంచీకి వేయగా మిగిలిన ముక్క ఒకటి తెప్పించుకుని తిరగేసి చూడండి.