'నాకు ముందే తెలుసు' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సర్వజ్ఞులు, సోలోగా రోల్ ప్లేయింగ్ గేమ్స్ (ఒక క్యారెక్టర్‌ని పుట్టించుకుని, డైస్ వేసుకుంటూ వాడి కథ నడిపే ఆటలు) ఆడుకునే వాళ్ళందరి బుర్రల్లో పర్మనెంటుగా మకాం వేసిన 'నాకు ముందే తెలుసు' గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీ క్షేమం విడిగా అడగక్కర్లేదు లెండి, మీరెప్పుడూ బాగానే ఉంటారు, చచ్చేదీ బతికేదీ మా క్యారెక్టర్లే కదా.

తమరిని మెటాగేమింగ్ అని కూడా అంటారు. క్యారెక్టర్‌కి తెలియని సంగతి ప్లేయర్‌కి తెలియడం, ఆ తెలివిని మెల్లగా క్యారెక్టర్ చేత వాడించేయడం, అదీ తమరి వృత్తి. నలుగురు కూర్చుని ఆడే టేబుల్ దగ్గర మీ పప్పులు ఉడకవు. అక్కడ కథ నడిపించి తీర్పులు చెప్పే గేమ్ మాస్టర్ అని ఒకడుంటాడు, "ఆగాగు, నీ క్యారెక్టర్‌కి ఆ విషయం ఎలా తెలిసింది?" అని ఒక్క మాట అడుగుతాడు, మిగతా ముగ్గురూ కిసుక్కున నవ్వుతారు, మీరు తోక ముడుస్తారు. ఒక్కళ్ళమే కూర్చున్నప్పుడు అలా కాదు. గేమ్ మాస్టరూ నేనే, ప్లేయరూ నేనే, రూల్ బుక్ తిరగేసి వాదించే లాయరూ నేనే. ఇంక అడిగేదెవరండీ? దొంగ చేతికి తాళాలిచ్చి ఇల్లు చూస్కోమన్నట్టే.

నా క్యారెక్టర్, మా కొండడి సంగతే తీసుకుందాం. వాడు గొర్రెలు కాసుకునే కుర్రాడు, ఇంటెలిజెన్స్ 7, అక్షరం ముక్క రాదు, ఊరి పొలిమేర దాటడం ఇదే మొదటిసారి, ఇదంతా క్యారెక్టర్ షీట్ మీద పెన్సిల్‌తో శుభ్రంగా రాసి ఉంది. అలాంటివాడు గుహలోకి వెళ్ళేముందు ఏం కొన్నాడు? తాడు కాదు, తిండి కాదు, నూనె సీసాలు, కాగడాలు, చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి. ఎందుకురా అన్ని సీసాలు అంటే "చీకటిగా ఉంటుందేమోనని" అన్నాడు. అబ్బో! డీ అండ్ డీలో (డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో) ట్రోల్ అనే రాక్షసుణ్ణి ఎంత నరికినా గాయాలు వాటంతటవే పూడిపోతాయని, నిప్పో యాసిడో తగిలితేనే ఆ పూడడం ఆగుతుందని వాడికెవరు చెప్పారు, గొర్రెలా? వాడి నోట్లోంచి మాట్లాడింది మీరు. ట్రోల్‌ని చూడగానే కాళ్ళు వణికి కూలబడాల్సిన కుర్రాడు, ముందు నూనె పొయ్యాలి, తర్వాత కాగడా విసరాలి అని ఆర్డర్ తప్పకుండా పని పూర్తిచేశాడు. గెలిచాం, కాదనను. గెలిచింది ఎవరన్నదే షీట్ మీద ఎక్కడ రాయాలో తెలియట్లేదు.

దీనికన్నా పడవవాడి కేసు ఘోరం. ముసలాయన, పాపం, వానలో తడిసొచ్చిన కొండడికి చోటిచ్చి, దుప్పటిచ్చి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. ఆ ముసలాయన మనసులో ఏముందో చూద్దామని టేబుల్ మీద డైస్ వేస్తే "ద్రోహం" అని వచ్చింది. డైస్ వేసింది నేను, చదివింది నేను, కొండడికి వినబడింది పొయ్యిలో కట్టెల చిటపట మాత్రమే. కానీ ఆ క్షణం నుంచి వాడి వాలకమే మారిపోయింది! అప్పటిదాకా తాతా తాతా అని తిరిగినవాడు తలుపుకి వీపు పెట్టి కూర్చుంటాడు, ఇచ్చిన చారు ముందు ముసలాయన్ని తాగమంటాడు, నిద్రొస్తుందంటూనే కత్తి దుప్పటి కిందకి లాక్కుంటాడు. ఎందుకు నాయనా అంటే "ఏమో, మనసెందుకో కీడు శంకిస్తోంది" అంటాడు. ఈ కీడు శంకించడం అనేది మీరు కనిపెట్టిన మహా గొప్ప దారి సార్. ఎక్కడ టేబుల్ మీద చెడ్డ మాట వస్తే అక్కడ మా క్యారెక్టర్ల కళ్ళు అదురుతాయి, ఎక్కడ మంచి మాట వస్తే అక్కడ ముక్కూమొహం తెలియని వాళ్ళ మీద కూడా నమ్మకం పుట్టుకొస్తుంది. నిజంగా కీడే శంకించాలంటే ఆ డైస్ వెయ్యకముందు కూడా అప్పుడప్పుడూ శంకించాలి కదా, తప్పు మనుషుల్ని కూడా శంకించాలి కదా. అది మాత్రం జరగదు, మీ జ్యోతిష్యం ఎప్పుడూ తప్పదు.

తమరిది పాత వంశం అని కూడా ఒప్పుకోవాలి. డీ అండ్ డీ 1974లో వస్తే 1975కల్లా దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకడైన గ్యారీ గైగాక్స్ ఒంటరిగా ఆడేవాళ్ళ కోసం డైస్ వేసి గదులూ దారులూ పుట్టించే టేబుళ్ళు రాసిచ్చాడు. 1976లో టన్నెల్స్ అండ్ ట్రోల్స్ అనే ఇంకో ఆట కోసం ఒక్కరే ఆడుకునే అడ్వెంచర్ అచ్చయింది. 1982లో ఫైటింగ్ ఫ్యాంటసీ అనే ఆడుకునే కథల సిరీస్‌లో మొదటి పుస్తకం, నంబర్లు వేసిన 400 పేరాలు, ఎడమ తలుపు తీస్తే ఫలానా నంబర్‌కి వెళ్ళు, కుడి తలుపు తీస్తే ఫలానా నంబర్‌కి వెళ్ళు. అది చదివేవాళ్ళ చేతిని ఎవరైనా గమనించారా? బొటనవేలు ఒక పేజీలో, చూపుడువేలు ఇంకో పేజీలో, చిటికెన వేలు మూడు చావుల కిందట ఉన్న పేజీలో, తలుపు తీసి లోపలికి తొంగి చూసి పాము కనిపిస్తే "నేను తీయలేదు, ఊరికే చూశా" అని వేలు ఉన్న చోటికి వెనక్కి రావడం. ఆ వేళ్ళన్నీ మీవే. 1984లో ఇలాంటివే లోన్ వుల్ఫ్ పుస్తకాలు వచ్చినప్పుడు డైస్ లేనివాళ్ళ కోసమని పుస్తకం చివర అంకెల టేబుల్ ఒకటి ఇచ్చారు, కళ్ళు మూసుకుని పెన్సిల్ పెట్టాలి, ఏ అంకె మీద పడితే అది. కళ్ళు మూసుకున్నా అన్నిటికన్నా పెద్ద అంకె 9 ఏ మూల ఉందో చేతికి గుర్తుండిపోవడం మీరు తప్ప ఇంకెవరు నేర్పిస్తారు?

ఇవన్నీ చిల్లర దొంగతనాలు లెండి, వీటి గురించి ఎవరూ పెద్దగా బాధపడరు. మీ అసలు పనితనం ఒరాకిల్ దగ్గర. గేమ్ మాస్టర్ లేడు కాబట్టి అవునా కాదా అని డైస్‌నే అడుగుతాం, ఎంత అవకాశం ఉందో ముందు మేమే చెప్పాలి. 2018లో వచ్చిన ఐరన్‌స్వోర్న్ అనే ఆటలో అయితే 'లైక్లీ' అంటే నూరు మీద 26 గానీ ఆ పైన గానీ వస్తే అవును, 'అన్‌లైక్లీ' అంటే 76 గానీ ఆ పైన గానీ రావాలి. చూడ్డానికి చాలా న్యాయంగా ఉంటుంది. ఇప్పుడు గుమ్మం దగ్గర ఒక కాపలావాడున్నాడు. "వాడు నిద్రపోతున్నాడా? అర్ధరాత్రి కదా, లైక్లీ" అని అడిగామనుకోండి, నూటికి 75 వంతులు వాడు గుర్రుపెడుతుంటాడు. అదే కాపలావాడు, అదే రాత్రి, "వాడు మేలుకుని ఉన్నాడా? కాపలా కాయడమే వాడి పని కదా, లైక్లీ" అని అడిగితే గుర్రుపెట్టే అవకాశం 25కి పడిపోతుంది. డైస్‌ని ముట్టుకున్నవాడు లేడు, రూల్ తప్పినవాడు లేడు, ప్రశ్న ఎటు తిప్పి అడిగామన్నదాంట్లోనే పని అయిపోయింది. ఈ ప్రశ్న తిప్పేది ఎవరు? కొండడు కాదు, వాడికి పర్సెంటేజీలు రావు.

అందుకే నా లెక్కలో డైస్ మళ్ళీ వేసేవాడు చాలా నిజాయితీపరుడు, కనీసం తను తొండి ఆడుతున్నానని వాడికి తెలుసు. ప్రశ్న తిప్పేవాడికి అది కూడా తెలియదు, పైగా "ఈ రోజు డైస్ భలే కలిసొచ్చాయి" అని సంబరపడతాడు.

మిమ్మల్ని కట్టడి చెయ్యాలని చూసినవాళ్ళు లేకపోలేదు. గేమ్ మాస్టర్ లేని లోటు తీర్చే రూల్ బుక్, మిథిక్ గేమ్ మాస్టర్ ఎమ్యులేటర్ ఉంది చూశారూ, అందులో సీన్ మొదలుపెట్టే ముందు ఇందులో ఏం జరగబోతోందో మనం అనుకోవాలి, అంటే మిమ్మల్ని పిలిచి మర్యాదగా "చెప్పండి సార్, మీకేం తెలుసు" అని అడిగి రాయించుకోవడం అన్నమాట. ఆ తర్వాత పది ముఖాల డైస్ వెయ్యాలి. అది ఆ సమయానికున్న కేయాస్ ఫ్యాక్టర్ అనే గందరగోళం అంకెకి సమానంగానో అంతకన్నా తక్కువో వస్తే మీరు చెప్పింది జరగదు, బేసి అంకె అయితే సీన్ కాస్త మారుతుంది, సరి అంకె అయితే అసలు సీనే పోయి ఇంకేదో వచ్చి మీద పడుతుంది. ఆ ఫ్యాక్టర్ 1 నుంచి 9 దాకా ఉంటుంది, పరిస్థితి క్యారెక్టర్ చేతుల్లోంచి జారేకొద్దీ పెరుగుతుంది. అంటే గొడవ ముదిరినకొద్దీ మీ జోస్యం మీద నమ్మకం తగ్గించుకోమని రూల్ పెట్టారు. నాకు చాలా నచ్చింది ఈ రూల్, మీకు నచ్చదని తెలుసు.

ఇంట్లో వాడే మందులు కూడా రెండున్నాయి. ఒకటి, కొండడికి ఏదైనా హఠాత్తుగా తెలిసిపోయినప్పుడు డీ20, అంటే ఇరవై ముఖాల డైస్, వేసి 7 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తేనే నిజంగా తెలిసినట్టు, అంటే నూటికి 35. ఏమాటకామాటే, వాడి ఇంటెలిజెన్స్‌కి 35 కూడా ఎక్కువే. రెండోది, ఏదైనా నిర్ణయం దగ్గర ఆగినప్పుడు నేనైతే ఏం చేస్తానో ఒక లైన్, వాడైతే ఏం చేస్తాడో ఒక లైన్ పక్కపక్కన రాయడం. రెండు లైన్లూ ప్రతిసారీ ఒకేలా వస్తున్నాయంటే వాడు ఎప్పుడో పోయాడు, వాడి బట్టలు మీరు కట్టుకు తిరుగుతున్నారు. వేరువేరుగా వస్తే ఆరు ముఖాల డైస్ వేసి ఒకటీ రెండూ అయితే నాది, మూడు నుంచి ఆరు దాకా అయితే వాడిది. కొంతమంది కొవ్వొత్తులు వెలిగిస్తారు, మ్యూజిక్ పెడతారు, గొంతు మార్చి మాట్లాడతారు, అవన్నీ సరదాకి బాగుంటాయి గానీ గొంతు మార్చి మరీ ట్రోల్ మీద నూనె పోసినవాళ్ళు నాకు తెలుసు.

ఇంతా తిట్టి మీలో ఒక మంచి గుణం చెప్పకపోతే కళ్ళు పోతాయి. థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్ అని ఒక్కరే ఆడుకునే ఆట ఒకటుంది. అందులో మన రక్తపిశాచికి అయిదే జ్ఞాపకాలు, ఒక్కో దాంట్లో మూడు అనుభవాలకే చోటు, కొత్త జ్ఞాపకం కావాలంటే పాతదొకటి కొట్టెయ్యాలి, లేదా డైరీలోకి ఎక్కించాలి, అందులోనూ నాలుగే పడతాయి, పైగా ఆ డైరీ పోవచ్చు. అలా ఆడుతూ ఆడుతూ కన్నకూతురి జ్ఞాపకాన్ని కొట్టెయ్యాల్సి వస్తుంది. పెన్నుతో గీత గీస్తాం, గీత కింద అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి, నాకు కనిపిస్తాయి, వాడికి కనిపించవు. కొన్ని పేజీల తర్వాత ఆ కూతురి మనవరాలు ఎదురుపడితే వాడికి అదొక మెడ మాత్రమే. అప్పుడు మీరు నాలోపల గింజుకున్నారు చూశారా, "ఆగరా, అది ఎవరో తెలుసా" అని, ఆ గింజుకోవడం కోసమే నేను ఆ ఆట ఆడతాను. మీకు తెలియకపోతే ఆ సీన్‌లో ఏమీ లేదు, మీరు చెప్పేస్తే అసలే ఏమీ లేదు.

కాబట్టి తమరితో ఒప్పందం ఇదీ. తమరు ఇక్కడే ఉండొచ్చు, కుర్చీ కూడా వేస్తాను. అన్నీ చూడండి, అన్నీ తెలుసుకోండి, టేబుళ్ళన్నీ చదవండి, కొండడు తప్పు తలుపు దగ్గరికి వెళ్తుంటే పళ్ళు కొరుక్కోండి. ప్రశ్న రాసేటప్పుడు మాత్రం పక్కకి జరగాలి, ఎందుకంటే ఇక నుంచి ప్రశ్న ముందు కొండడి భయంలోంచి రాస్తాం, "వాడు నన్ను చూశాడా?" అని, అవకాశం ఎంతన్నది తర్వాత. పడవవాడి విషయంలో కూడా కేసు తిరగదోడుతున్నాం. కొండడు కత్తి సంచిలో పెట్టేసి, చారు తాగేసి, తాతయ్య పక్కనే పడుకున్నాడు. తెల్లారేసరికి వాడి దగ్గర కత్తి ఉండదు, చెప్పులు ఉండవు, వాడి గొర్రె గంట కూడా ఉండకపోవచ్చు. మీరు అడ్డం పడొద్దు, వాడికి తాతయ్య అంటే చాలా ఇష్టం.

ఇట్లు,
తమరి బాధితుల్లో ఒకరు

తా.క.: డైస్ దొర్లి టేబుల్ కింద పడినప్పుడు 20 వస్తే "పడినా పడినట్టే", 3 వస్తే "కింద పడింది చెల్లదు" అనే తమరి రూల్ నిన్నటితో రద్దయింది. ఇకమీదట కింద పడింది ఏదైనా చెల్లదు. ప్రస్తుతం సోఫా కింద ఒక 20 ఉంది, దాన్ని కూడా చూడొద్దు.