కారు షెడ్డులో నిజరూప దర్శనం

మా కారు షెడ్డులో ఉన్నదాన్ని కొందరు బాధ్యత లేని పౌరులు "పాత ఇనుము" అంటున్నారు. వారిలో ఇద్దరు నా బంధువులు, ఒకరు నా భార్య. ఇంట్లో వాదించి గెలిచిన చరిత్ర నాకు లేదు కాబట్టి విషయాన్ని ప్రజల ముందే పెడదామని కలం పట్టాను.

అది లేత్ మిషను, అంటే లోహపు ముక్కను గిరగిరా తిప్పుతూ ఉలితో కోసే యంత్రం. పంజాబులోని బటాలాలో పుట్టి, ఎక్కడెక్కడో ఉద్యోగం వెలగబెట్టి, చివరికి మా విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టు ముందు వానలో తడుస్తూ నా కంటబడింది. బెడ్డు, అంటే మిగతా భాగాలన్నీ ఎక్కి కూర్చునే పొడవాటి పీట, ఆరడుగులు. బరువు 900 కిలోలు. ఈ బరువు నా అంచనా కాదు. కాటా మీద పెట్టి కిలో 40 రూపాయల చొప్పున నా దగ్గర వసూలు చేసిన లెక్క. బేరమాడితే కొట్టువాడు కొసరుగా ఒక తుప్పు పట్టిన పానా పడేశాడు. ఉక్కు మన హక్కని నినదించిన ఊళ్ళో నా వంతు హక్కు ఈ 900 కిలోలని ఇంటికొచ్చి ప్రకటించాను. (లేత్ ఒళ్ళు పోత ఇనుము, ఉక్కు కాదని తెలిసినవాళ్ళు దయచేసి ఇక్కడ నవ్వకండి. మా ఆవిడ చదువుతుంది.)

అసలు పాత లోహాన్ని దగ్గరికి తీయడం ఈ ఊరికి కొత్తా? 1969లో నౌకాదళంలో చేరిన కురుసుర జలాంతర్గామి 2001లో విరమణ చేస్తే, మరుసటి ఏడాదే దాన్ని ఆర్కే బీచి ఇసుకలో కూర్చోబెట్టి టికెట్టు పెట్టాం. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి గాలివానకు తెన్నేటి పార్కు కింద రాళ్ళమీదికి వచ్చి పడితే, ఊరంతా సెల్ఫీలకు వెళ్ళింది. దాన్ని హోటలు చేద్దామని పెద్దలు ఆలోచన కూడా చేశారు. నీళ్ళ కింద ఉండాల్సింది ఒడ్డుకొస్తే ప్రదర్శనశాల, నీళ్ళ మీద ఉండాల్సింది ఒడ్డుకొస్తే హోటలు. ఆటోనగర్‌లో ఉండాల్సింది ఎంవీపీ కాలనీలోని మా ఇంటికొస్తే మాత్రం పిచ్చి!

దించడానికి ఆరుగురు కలాసీలు వచ్చారు. ఇనుప గొట్టాలు కింద వేసి, పలుగులతో ఎత్తి, హైలెస్సా అంటూ గేటు నుంచి షెడ్డు దాకా దొర్లించారు. మేస్త్రి చెమట తుడుచుకుంటూ, "ప్రతిష్ఠ ఎప్పుడు బావూ?" అన్నాడు. వెటకారమో భక్తో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఆ రోజు నుంచి కారు రోడ్డు మీద బాదం చెట్టు కింద, కాకుల పర్యవేక్షణలో ఉంటోంది.

ప్రతిష్ఠ అన్నాడని కాదు గానీ, తర్వాత జరిగింది అచ్చంగా గుడి వ్యవహారమే. సింహాచలం అప్పన్న ఏడాది పొడుగునా చందనం కింద ఉండి, వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజు నిజరూప దర్శనమిస్తాడు కదా. మా మిషను నిజరూపానికి నాలుగు నెలలు పట్టింది. పైన ఆకుపచ్చ, దాని కింద బూడిదరంగు, దాని కింద నీలం. ఒక్కో యజమానికి ఒక్కో పొర. పొరకీ పొరకీ మధ్య దసరా ఆయుధపూజల పసుపు, కుంకుమ, గంధం బొట్లు గట్టిపడి చరిత్రలా పేరుకున్నాయి. అంతకింద పోతలోని గుంటలు కప్పడానికి మెత్తిన లప్పం. ఇంత పాత మిషన్ల రంగులో సీసం ఉండొచ్చు. అందుకని పొడిగా గీకి దుమ్ము లేపకూడదు, తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని గీకాలి. అలా ముక్కు మూసుకుని తపస్సు చేయగా చివరికి సాక్షాత్కరించింది ఏమిటయ్యా అంటే, బారెడు పగులు. ఎప్పుడో ఎవరో మహానుభావుడు దాన్ని ఇత్తడితో అతికాడు. ఆ దర్శనం కూడా ఒక్కరోజే. మర్నాడే దాన్ని కొత్త రంగుతో కప్పేశాను.

ఇక తుప్పు సంగతి. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు వేగంగా పడుతుందని శాస్త్రం. మన ఊళ్ళో తేమ అంతకు దిగే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా ఆ తేమకు సముద్రం తగినంత ఉప్పు కూడా తగిలిస్తుంది. ఊరగాయకు పనికొచ్చే వాతావరణంలో యంత్రాన్ని బతికించాలి. మొదట కరెంటు వైద్యం మొదలెట్టాను. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు, చాకలి సోడా, బ్యాటరీ చార్జరు. తుప్పు పట్టిన భాగానికి మైనస్, పనికిరాని ఇనుప చువ్వకు ప్లస్. చువ్వ స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి దగ్గర్లో బీడీ వెలిగించకూడదు. సోడా మా ఆవిడది, చార్జరు కారుది. కారుకు ఇల్లే లేనప్పుడు చార్జరు ఎందుకని నా వాదన.

ఆ డ్రమ్ములో పట్టని పెద్ద భాగాలకు ఇంకో పెద్ద డ్రమ్ములో మొలాసిస్ వైద్యం చేయాలట. ఒక పాలు మొలాసిస్, తొమ్మిది పాళ్ళు నీళ్ళు, రెండు వారాల నానుడు. తుప్పును అది నెమ్మదిగా కరిగించుకుంటుంది గానీ మంచి ఇనుము జోలికి పెద్దగా పోదు. పక్కనే అనకాపల్లి ఉండగా తీపి మడ్డికి కొరతేముంది? నాలుగో రోజుకు డ్రమ్ము పొంగింది. ఆరో రోజుకు వీధి చివర దాకా పుల్లటి వాసన. బెల్లం ఊట వాసన ఈ జిల్లాలో తెలియనిదెవరికి? ఎనిమిదో రోజు రాత్రి ఎదురింటి పెద్దమనిషి, రిటైరయిన గెజిటెడ్ అధికారి, అటూ ఇటూ చూసి షెడ్డులోకి వచ్చాడు. ఫిర్యాదు చేస్తాడని భయపడ్డాను. గొంతు తగ్గించి, "ఎప్పటికి దిగుతుందండీ?" అన్నాడు. నేను చేయి పెట్టి నాలుగు దవడల చక్ (తిరిగే ముక్కను బిగించి పట్టుకునే భాగం) బయటికి తీసి చూపించాను. ఆయన మొహంలో అంత నిరాశ పెన్షన్ స్లిప్పు చూసినప్పుడు కూడా ఉండదు. ఆ చక్ మాత్రం తళతళలాడింది. కడిగి, బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళి కాఫీ తాగి వచ్చేసరికి మళ్ళీ నారింజ రంగుకు తిరిగింది. తీసిన వెంటనే ఆరబెట్టి నూనె పట్టించాలన్న జ్ఞానం నాకు ఆ కాఫీ ఖరీదుకు దొరికింది.

నట్లు, బోల్టుల గురించి ఎక్కువ చెప్పను, మనసు బాగుండదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు దొర 1841లో బోల్టు మీది మరకు, అంటే చుట్ల గాడికి, 55 డిగ్రీల కోణమన్నాడు. నేటి మెట్రిక్ మర 60 డిగ్రీలు. మా మిషను దొర పక్షం, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల కొట్లన్నీ మెట్రిక్ పక్షం. నట్టు ఎక్కినట్టే రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. ఇక ముందుకీ రాదు, వెనక్కీ రాదు.

బెడ్డు సమం చేయడం మాత్రం మహావిద్య. చిన్న పనులే ఎక్కువగా పడతాయి కాబట్టి బెడ్డు చక్ దగ్గరే అరుగుతుంది, కొసన కొత్తదానిలా ఉంటుంది. అరగని చోటును అరిగిన చోటు మట్టానికి దించాలి. చదును పలకకు నీలం పూసి, బెడ్డు మీద రుద్ది, నీలం అంటిన మిట్టలను ఉలిలాంటి స్క్రేపరుతో గీకాలి. ఒక్కో గీకుకు మిల్లీమీటరులో వందో వంతు కూడా పోదు. మళ్ళీ పూయాలి, మళ్ళీ గీకాలి. మూడు నెలలు గడిచాయి. బెడ్డు సమమైందో లేదో గానీ, నా చేతులు, చొక్కాలు, తలుపు గడియలు, పెరుగు గిన్నె నీలమయ్యాయి.

మరి ఆ పలక చదునని ఎవరు చెప్పాలి? ఇందులో గొప్ప తత్వం ఉంది. రెండు పలకలు ఒకదానికొకటి చక్కగా అతికినంత మాత్రాన రెండూ చదునని కాదు. ఒకదాని గుంటలో ఇంకోదాని గుబ్బ ఒదిగి ఉండొచ్చు. మూడో పలక తెచ్చి మూడింటినీ మార్చి మార్చి జత చేస్తేనే ఎవరి వంకర ఎవరిదో బయటపడుతుంది. మా అత్తగారు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ సూత్రంలోని సత్యం నాకు తెలిసివస్తుంది.

ఇప్పుడు 127 దగ్గరికి వద్దాం. మర కోసేటప్పుడు ఉలిని నడిపించే పొడవాటి మరను లీడ్ స్క్రూ అంటారు. మా మిషనుది అంగుళాలది. దాని మీద మెట్రిక్ మర కచ్చితంగా కోయాలంటే 127 పళ్ళ చక్రం కావాలి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, అయిదు అంగుళాలకు సరిగ్గా 127. అందుకని ఆ అంకె. మిషనుతో పాటు రావాల్సిన చక్రాల్లో సరిగ్గా అదే లేదు. సరే, కోయించుకుందాం అంటే, పళ్ళచక్రం కోయడానికి మిల్లింగ్ మిషను కావాలి. పైగా 127ను ఏ అంకే భాగించదు కాబట్టి చుట్టును సమభాగాలు చేసే మామూలు చిల్లుల పలకతో ఆ విభజన కుదరదు, ఇంకొన్ని చక్రాలు తగిలించి తిప్పలు పడాలి. సరే, ఒక పాత మిల్లింగ్ మిషనూ చూశాను. దాని ఆర్బర్, అంటే కోత చక్రాన్ని మోసే ఇరుసు, వంగింది. కొత్తది తిప్పడానికి ఏం కావాలి? లేత్ కావాలి.

"ఇంతకీ దీనిమీద ఏం చేశారు?" అని అడిగేవాళ్ళు ఈ సృష్టి రహస్యం తెలియనివాళ్ళు. మూడేళ్ళలో దీనిమీద నేను చేసినవి: దీనికే ఒక హ్యాండిలు, దీనికే రెండు బుష్షులు, దీని బల్లకే నాలుగు కాళ్ళు. ఖర్చు విషయానికొస్తే, ఇంట్లో చెప్పిన లెక్కకూ అసలు లెక్కకూ మధ్య మా క్రాస్ స్లైడుకు (ఉలిని ముందుకూ వెనక్కూ జరిపే భాగానికి) ఉన్నంత గ్యాపుంది. దాని హ్యాండిలు పావు చుట్టు తిప్పాక గానీ స్లైడుకు సంగతి తెలియదు.

ఇలా దేశసేవ సాగుతుండగా, మొన్న సంక్రాంతి ముందు మా ఆవిడ అటక మీంచి వాళ్ళ అమ్మమ్మ మరచెంబు దించింది. కాశీకి వెళ్ళొచ్చిన ఇత్తడి చెంబు. మూత మర అరిగిపోయి, బిగిస్తే ఊరికే తిరుగుతోంది. "మీ మిషను దీనికి మర వేస్తుందా?" అంది. మూడేళ్ళలో ఆ మిషనును ఆమె అడిగిన మొదటి పని. ఆ సమయానికి క్రాస్ స్లైడు భోజనాల బల్ల మీద, టెయిల్ స్టాకనే ఇంకో భాగం మంచం కింద ఉన్నాయి. "రెండు రోజులివ్వు" అని గంభీరంగా చెప్పి, చెంబును గుడ్డసంచీలో పెట్టుకుని కంచరపాలెం వెళ్ళాను.

రేకుల కొట్టు. లోపల మా మిషనుకు కవలపిల్ల. అదే బటాలా, అదే పొడవు. దాని రంగేమిటో కనిపెట్టడం అసాధ్యం. కాలిన నూనె, ఇనుప రజను, దసరా నాటి ఎండిన నిమ్మకాయ. బెడ్డు చక్ దగ్గర పళ్ళెంలా అరిగి ఉంది. అరవై దాటిన మేస్త్రి నా చేతులు చూసి, "బ్యాంకు సారు కదండీ, ఈ నీలవేటి?" అన్నాడు. ఇంట్లో సున్నాలు వేస్తున్నామన్నాను.

ఆయన చెంబును వేలితో తడిమాడు. మర గేజి ఒకసారి ఆనించాడు. మూతకున్న పాత మర కోసేసి, ఇత్తడి రింగు తిప్పి, మాటు పెట్టి అతికి, కొత్త మర మొదలెట్టాడు. వాళ్ళ హ్యాండిలుకు అరచుట్టు గ్యాపుంది. చూడకుండానే అరచుట్టు వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తెచ్చి ఆపుతున్నాడు. బాగు చేయించుకోరా అని అడిగాను.

"ఎంత అరిగిందో తెలిస్తే సాలు కద సార్" అన్నాడు.

నలభై నిమిషాలు, 300 రూపాయలు. చెంబు నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకున్నాడు. చుక్క రాలలేదు. నేను ఆ నీళ్ళవైపు చూడటం లేదు. గోడకు మేకు మీద వేలాడుతున్న ఒక పెద్ద పళ్ళచక్రం వైపు చూస్తున్నాను.

"అది నూట ఇరవై ఏడేనా?"

"ఎప్పుడూ లెక్కెట్టలేదు సార్."

నేను స్టూలెక్కి లెక్కపెట్టాను. రెండుసార్లు. అమ్ముతారా అంటే తల అడ్డంగా ఊపాడు. ఒక్క సక్రం అయితే ఇవ్వనన్నాడు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగంలో కుదిరాడట, ఈ పని చెయ్యనన్నాడట. ఉగాదికి కొట్టు మూసేస్తున్నాడు. "ఆటోనగరోలొచ్చి కాటాకెత్తేస్తావన్నారు. మీరు తీసుకుంతానంటే మిషనుతో పాటు అన్నీ ఇచ్చేత్తాను. కిలో 40, మీకేటి ఎక్కువ సెప్పను."

ఇంటికొచ్చాక మా ఆవిడ మరచెంబును తలకిందులు చేసి చూసింది, ఊపి చూసింది. నా వైపు కొత్తగా చూసింది.

"మన మిషను మీదే చేశారా?"

"అదే కంపెనీ, అదే పొడవు" అన్నాను. అబద్ధం ఆడే అలవాటు నాకు లేదు.

ఆమె చెంబుతో లోపలికి వెళ్ళింది. నేను మెట్ల కింద తన స్కూటీ పెట్టుకునే చోట టేపు పట్టాను. ఆరడుగుల నాలుగంగుళాలుంది.